పడుండటానికి ఇంగ్లీషు

1985 ఆగస్టు. నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా ఇంగ్లీషు లెక్చరరు బోర్డు మీద 'పుట్ అప్ విత్' అని రాసి వెనక బెంచీల వైపు చూశాడు. వెనక బెంచీలంటే మేమే, ఎస్సీ హాస్టలు పిల్లలం. ఎవరూ కూచోమని చెప్పలేదు, ఎవరూ కూచోవద్దనీ చెప్పలేదు. మొదటిరోజు నుంచీ అక్కడే కూచున్నాం.

'నువ్వు లేవరా. అర్థం చెప్పు' అన్నాడు.

పుట్ అంటే పెట్టటం. అప్ అంటే పైకి. విత్ అంటే తోటి. మూడూ నాకు తెలిసిన మాటలే. ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలుపెట్టినవాడికి ఆ మాత్రం వచ్చు. మూడూ కలిపి 'తోడుగా పైకెత్తి పెట్టటం సార్' అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆడపిల్లలు కూడా నవ్వారు. లెక్చరరు నవ్వలేదు. 'సహించటంరా. భరించటం. ప్రభుత్వం హాస్టల్లో పెట్టింది తింటన్నారు, మీకు గాక ఇంకెవరికి తెలియాల్రా ఈ మాట?' అన్నాడు.

కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపి అప్పటికి నెల కాలేదేమో. జులై 17న జరిగింది. బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. ఆ ఊరికీ మా ఊరికీ పెద్ద దూరం లేదు. మా హాస్టల్లో రాత్రిళ్ళు అదే మాట. ఆ రోజుల్లో 'సహించటం మీకే తెలియాలి' అన్న మాట మాదిగ పిల్లగాడి మీద పడితే ఎట్లా ఉంటుందో ఆ లెక్చరరు ఆలోచించి అన్నాడని నేననుకోను. ఆలోచించకుండానే అనగలగటం ఆయనకున్న సౌకర్యం.

నేను కసిగా ఇంగ్లీషు మీద పడ్డాను. పాత పుస్తకాలమ్మేవాడి దగ్గర అట్ట ఊడిన రెన్ అండ్ మార్టిన్ గ్రామరు కొన్నాను. అందులో క్రియల జాబితాలున్నాయి. కమ్ అక్రాస్, కమ్ ఆఫ్, కమ్ బై, గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే. ఒక్కో క్రియకీ అరడజను తోకలు. హాస్టలు హాల్లో ఒక్క బల్బు కింద ముప్ఫయి మందిమి. అందరూ గట్టిగా చదివేవాళ్ళే. ఆ గోలలో నేను 'గివ్ అప్ - వదిలెయ్యటం, గివ్ ఇన్ - లొంగిపోవటం' అని వల్లించేవాణ్ణి. వల్లించినంతసేపూ వచ్చేది, పొద్దున్నే పోయేది. గివ్ అంటే ఇవ్వటం కదా, అప్ అంటే పైకి కదా, రెండూ కలిస్తే వదిలెయ్యటం ఎందుకయిందో పుస్తకం చెప్పదు, లెక్చరరూ చెప్పడు. అడగటానికి నాకు నోరు లేదు.

మాది బాప్టిస్టుల ఇల్లు. 1878 జులైలో క్లౌ దొర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2222 మందికి బాప్తిస్మం ఇప్పించాడని మా తాతలు చెప్పుకునేవాళ్ళు. అమెరికా దొరల మతం మా ఇంట్లోకి వచ్చి వందేళ్ళు దాటింది. దొరల భాష మాత్రం గడప దాకా రాలేదు. మా వాడలో ఇంగ్లీషు అక్షరం ముక్క చదవగలిగినవాడు నాకు ముందు ఒక్కడే. అతను రైల్వేలో గ్యాంగ్‌మన్ పని దొరికి వెళ్ళిపోయాడు.

దసరా సెలవులకి ఇంటికొచ్చాను. మా నాయన ఊళ్ళో ఒక ఆసామి దగ్గర పాలేరు. ఆయన అప్పు 1500 రూపాయలు. నా చెల్లెలికి జబ్బు చేసినప్పుడు తీసుకున్నది 400. మిగతాది ఎట్లా పెరిగిందో ఆసామి చిట్టాకే తెలియాలి. ఆ రాత్రి నాయన కంచం ముందు కూచుని ఆసామి కొడుకు తనని కొట్టం దగ్గర అందరి ముందూ ఏమన్నాడో చెబుతున్నాడు. ఇక పోను, జీతం మానేస్తానంటున్నాడు. మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి, 'ఈ ఒక్క యేడు పడుండయ్యా. పిల్లోడు సదువుకుంటన్నాడు గదా, పడుండు' అంది.

నాకు అన్నం ముద్ద చేతిలో ఆగిపోయింది.

పడు అంటే పడటం. ఉండు అంటే ఉండటం. ఈ రెండు మాటల్లో ఎక్కడా ఓర్చుకోవటం లేదు. రెండూ కలిస్తే మాత్రం అచ్చంగా అదే. 'పుట్ అప్ విత్' అంటే ఇదే! లెక్చరరు చెప్పిన సహించటం, భరించటం కాదు. సహనంలో ఏదో గొప్పతనం ఉంది, సాధువులకుండేది. పడుండటంలో గొప్పతనమేమీ లేదు. వేరే దారి లేక ఉండటమే. 'అమ్మా, పడుండటం అంటే ఏందే?' అని అడిగాను. నాకు పిచ్చెక్కిందనుకున్నట్టుంది. 'ఏముందిరా, నోరు లేపకుండా, యాడికీ పోకుండా, సావకుండా ఉంటమే' అంది. తర్వాత నేను చూసిన ఏ నిఘంటువులోనూ అంత మంచి అర్థం లేదు.

ఆ సెలవుల్లో ఇక నాకదే పని. మా అమ్మ మాటల్లో 'పడు' ఎన్ని రకాలుగా వస్తుందో నోటుబుక్కులో రాసుకున్నాను. కష్టపడటం. మీదపడటం. వెంటపడటం. ఎగబడటం. బయటపడటం. తేలికపడటం. గొడవపడటం. ఎదురుపడటం. 'పడి చచ్చాడు' అంటే ఒక అర్థం, 'దానికోసం పడి చస్తాడు' అంటే ఇంకో అర్థం. సంతకం పెట్టటం రాని మనిషి, వీటిలో ఒక్కటి కూడా తప్పు వాడదు. హైస్కూల్లో మా తెలుగు పండితుడు సవర్ణదీర్ఘ సంధి ఐదేళ్ళు చెప్పాడు గానీ ఈ సంగతి ఒక్కరోజు చెప్పలేదు. ఇది మా అమ్మ భాష గదా, ఇందులో వ్యాకరణం ఉంటుందని ఆయనకు తోచి ఉండదు.

తేడా ఒక్కటే. మన భాషలో 'మీద', 'వెంట', 'బయట', 'ఎదురు' లాంటివి క్రియకు ముందొస్తాయి. ఇంగ్లీషులో క్రియ వెనకొస్తాయి. మీదపడటం 'ఫాల్ ఆన్'. వెనక్కి తగ్గటం 'బ్యాక్ డౌన్'. తీసిపారెయ్యటం 'బ్రష్ ఆఫ్'. తల ముందున్నా వెనకున్నా జంతువు ఒకటే. ఇది తెలిశాక నాకు భయం పోయింది. భయం పోయిన చోట పొగరు వచ్చింది. ఆ పొగరే మా ఇంటి మీదికి తెచ్చింది.

1986 సంక్రాంతి ముందు ఆసామి మా నాయన్ని పిలిచి, పిల్లోణ్ణి చదువు మానిపించి పనిలో పెట్టమన్నాడు. ఇద్దరూ చేస్తే రెండేళ్ళకి అప్పు తీరుద్దన్నాడు. చాకిరీ చేసి అప్పు తీర్చటాన్ని ఇంగ్లీషులో 'వర్క్ ఆఫ్' అంటారని నాకు అప్పటికే తెలుసు. వెట్టిని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చిందనీ, వెట్టిచాకిరీ కింద అలాంటి అప్పు తీర్చనక్కర్లేదని ఆ చట్టం చెప్తుందనీ మాత్రం తెలియదు. చెప్పేవాళ్ళు లేరు.

మా నాయన 'నా కొడుకు రాడు దొరా' అన్నాడు. అంతే. కళ్ళంలో ఉన్న నలుగురూ కలిసి ఆయన్ని కొట్టారు. ఎడమచెయ్యి మణికట్టు విరిగింది. మళ్ళీ సరిగ్గా అతకలేదు.

స్టేషనుకి వెళ్దామని వాడలో పెద్దలన్నారు. కారంచేడు తర్వాత అంత ధైర్యం వచ్చింది అందరికీ. కంప్లయింటు నువ్వు రాయరా అన్నారు. తెలుగులో రాస్తే విలువుండదనుకున్నాను. ఇంగ్లీషులో రాశాను. మామూలు ఇంగ్లీషు గాదు, రెన్ అండ్ మార్టిన్ జాబితాలన్నీ దించాను. ఆ లెక్చరరు క్లాసులో నవ్విన నవ్వులన్నిటికీ ఆ కాగితం మీద జవాబు చెబుతున్నట్టు రాశాను. 'దే బీట్ హిమ్ అప్' అని రాశాను. అది బాగానే ఉంది. దానికి ముందు వాక్యంలో 'మై ఫాదర్ ఆన్సర్డ్ బ్యాక్' అని రాశాను.

ఎస్సై చదువుకున్నవాడు. కాగితం పైకి చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగి, నన్ను చూసి, 'ఎదురు మాట్లాడాడని నువ్వే రాశావు గదరా. ఎదురు మాట్లాడితే ఎవడైనా ఊరుకుంటాడా?' అన్నాడు. రైటరు నవ్వాడు. కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. ఊళ్ళో మాట్లాడుకోండి అన్నాడు. ఊళ్ళో మాట్లాడుకున్నారు. వైద్యానికి 200 ఇప్పించి రాజీ చేశారు. ఆ 200 కూడా ఆసామి చిట్టాలో అప్పు కింద రాసుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ కాగితం లేకపోయినా ఆ ఎస్సై కేసు కట్టి ఉండేవాడు కాదని నాకు తెలుసు. ఎందరో మిత్రులు ఈ మాటే చెప్పి నన్ను ఓదార్చారు. అయినా ఆయన చేతికి అంది వచ్చిన సాకు నేను రాసిందే. ఇంగ్లీషులో 'ఆన్సర్' అంటే జవాబు చెప్పటం. 'బ్యాక్' తగిలిస్తే చిన్నవాడు పెద్దవాడికి, నౌకరు యజమానికి తలబిరుసుగా జవాబు చెప్పటం. 'టాక్ బ్యాక్' కూడా అంతే. యజమాని నౌకరుకి ఎన్ని అన్నా దాన్ని 'టాక్ బ్యాక్' అనరు. ఆ 'బ్యాక్' అన్న చిన్న మాటలో ఎవడు పైవాడో ఎవడు కిందివాడో ముందే రాసిపెట్టి ఉంది. 'స్పోక్ అప్' అని రాసి ఉండొచ్చు, నోరు విప్పి చెప్పాడని. 'స్టుడ్ అప్ టు దెమ్' అనొచ్చు, ఎదురు నిలిచాడని. ఏమీ లేకుండా 'సెడ్ నో' అంటే ఇంకా మేలు. నాకు ఆ మాటలు తెలుసు. వాటి లోపల కూచున్న మనుషులు తెలియదు.

మన 'ఎదురు' సంగతీ ఇంతే చూడండి. ఎదురుచూడటం ఉంది, ఎదురుపడటం ఉంది, ఎదురురావటం ఉంది, ఎదురుచెప్పటం, ఎదురుతిరగటం, ఎదురునిలవటం ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళు మంచి పనికి బయల్దేరితే మా వాళ్ళు ఎదురు రాకూడదు. వీధిలో ఎదురుపడితే చెప్పులు తీసి పక్కకు జరగాలి. ఎదురు చెప్పనే కూడదు. ఆ జాబితాలో మాకు ఒప్పుకున్నది ఎదురుచూడటం ఒక్కటే.

డిగ్రీలో ఉండగా హాస్టలు బియ్యంలో పురుగుల గురించి మేం నలభై మందిమి సంతకాలు పెట్టి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాం. వార్డెను మమ్మల్ని వరసగా నిలబెట్టి 'ఎవడ్రా మిమ్మల్ని ఎగదోసింది?' అన్నాడు. మాకు కడుపులున్నాయనీ అందులో ఆకలి అనేది ఉంటుందనీ ఆయనకు నమ్మకం లేదు. ఎవడో ఎగదోస్తేనే మేం కదుల్తాం! ఈ ఎగదొయ్యటానికి ఇంగ్లీషు ఏమిటో తర్వాత తెలిసి నేనే ఆశ్చర్యపోయాను. 'పుట్ అప్ టు'. 'పుట్ అప్ విత్' అంటే పడుండటం. చివర్లో 'విత్' తీసి 'టు' పెడితే ఎగదొయ్యటం. అర్జీ ఏమైందని నెల తర్వాత కలెక్టరాఫీసుకి పోతే గుమాస్తా 'ఫైలు పుటప్ చేశాం' అన్నాడు. మూడో 'పుటప్' అది. మన ఆఫీసుల్లో పుటప్ చెయ్యటమంటే పై అధికారి బల్ల మీద పెట్టటం. ఆ ఫైలు ఇంకా ఏ బల్ల మీదుందో.

ఆ మాటకొస్తే ఈ తోకల మాటలు మన తెలుగులోకి ఎప్పుడో వచ్చేశాయి. అవి ఎవరి ఇంటికి ఏవి వచ్చాయన్నదే చూడాలి. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి మేకప్పు, చెకప్పు, సెటప్పు వచ్చాయి. మా వాడకి ముందొచ్చినవి గెటౌటూ లాకప్పూ డ్రాపౌటూ. మా అమ్మకి లాకప్పు ఇంగ్లీషు మాటని తెలియదు. అది పోలీసుల మాట అనుకునేది.

1994లో లెక్చరరుగా శిక్షణకి హైదరాబాదు సీఫెల్‌కి వెళ్ళాను. 1958లో పుట్టిన ఆ సంస్థే 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయం అయింది. అక్కడ లైబ్రరీలో నాకు తెలిసిన సంగతులు కొన్ని చెబుతాను, విద్యార్థులకు పనికొస్తాయి. ఈ క్రియలకు 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు పెద్ద పాతదేమీ కాదు. లోగన్ పియర్సాల్ స్మిత్ అనే ఆయన 1925లో వేసిన పుస్తకంలో వాడాడు. నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ ఆ పేరు సూచించాడని ఆయనే చెప్పుకున్నాడు. అంతకు చాలా ముందే, 1755లో, శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో పరాయి దేశస్తులకు ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని రాశాడు. అది చదివి ఆ రోజు సాయంత్రం నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను. జాన్సనేమో ప్రపంచంలో పరాయివాళ్ళందరికీ కష్టమన్నాడు, మా లెక్చరరు హాస్టలు పిల్లలకే కష్టమన్నట్టు నవ్వించాడు. జాన్సను ఇచ్చిన ఉదాహరణల్లో 'ఫాల్ ఆన్' కూడా ఉంది, దాడి చెయ్యటమనే అర్థంలో. మీదపడటం! మా అమ్మ మాట లండన్లో అచ్చయి అప్పటికే రెండువందల ఏళ్ళు దాటింది.

క్రియ వెనకొచ్చే చిన్న మాట రెండు రకాలు. ఒకటి క్రియకి అతుక్కునేది, క్రియా విశేషణం. రెండోది తర్వాత వచ్చే నామవాచకానికి అతుక్కునేది, విభక్తి లాంటిది. 'హి రాన్ అప్ ది హిల్' అంటే గుట్ట మీదికి పరిగెత్తాడు. అక్కడ 'అప్' గుట్టది. 'హి రాన్ అప్ ఎ డెట్' అంటే అప్పు పెంచుకున్నాడు. అక్కడ 'అప్' క్రియది. ఏది ఏదో తేల్చుకోవాలంటే 'ఇట్' పెట్టి చూడండి. మాటకి అర్థం వెతకటం 'లుక్ అప్'. 'లుక్ ఇట్ అప్' అంటారు, 'లుక్ అప్ ఇట్' అనరు. చూసుకోవటం 'లుక్ ఆఫ్టర్'. ఇక్కడ 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనాల్సిందే, 'ఇట్' మధ్యలోకి దూరదు. పలికేటప్పుడు కూడా క్రియది అయిన మాట మీద ఊనిక పడుతుంది, రెండోదాని మీద సామాన్యంగా పడదు. 'పుట్ అప్ విత్' లో రెండు రకాలూ ఉన్నాయి. 'అప్' గట్టిగా, 'విత్' తేలిగ్గా. ఇక ఈ క్రియ నామవాచకమైతే ఊనిక ముందుకి జరుగుతుంది. మనిషిని లాక్ అప్ చెయ్యటంలో 'అప్' గట్టిది. లాకప్పు గదిలో 'లాక్' గట్టిది. (మా 'రన్ అప్ ఎ డెట్' లో కూడా తప్పంతా అప్పు తీసుకున్నవాడిదే అన్నట్టుంటుంది. చిట్టా రాసినవాడికి ఇంగ్లీషులో క్రియ ఏదో నేనింకా వెతుకుతున్నాను.)

నేనిప్పుడు క్లాసులో జాబితాలు వల్లించమని చెప్పను. ఒక సంగతి చెప్పి అందులోంచి మాట తీస్తాను. నాకు బాగా పనికొచ్చేది 1936 నాటి సంగతి. లాహోరు జాత్-పాత్ తోడక్ మండలి అంబేడ్కర్‌ని అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. అది 'కాల్'. ప్రసంగం ముందుగా చూసి భయపడి, మార్చమని అడిగి, ఆయన మార్చనంటే సభే మానుకున్నారు. అది 'కాల్ ఆఫ్'. ఆయన వెనక్కి తగ్గలేదు, 'బ్యాక్ డౌన్' అవలేదు. ఆ ప్రసంగాన్ని, అదే కులనిర్మూలన, సొంత ఖర్చుతో పుస్తకంగా తెచ్చాడు. 'బ్రాట్ ఇట్ అవుట్'. ఈ మూడూ ఒకసారి విన్న పిల్లలు మళ్ళీ మర్చిపోవటం నేను చూడలేదు. ముందు బెంచీల వాళ్ళు కొందరు ఈ ఉదాహరణ వద్దు సార్ అన్నట్టు చూస్తారు. చూడనీ.

కార్యకర్తలు చిన్న మాటలే గదా అనుకోకూడదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో అవమానం 'జనం కంటపడే చోట' జరగాలని ఉంది. 'బహిరంగ స్థలంలో' అని లేదు. ఈ రెంటికీ తేడా ఉందని సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. సొంత ఇంటి గేటు దగ్గరైనా సరే, బయటి జనానికి కనపడుతుంటే అది జనం కంటపడే చోటే. 2020లో హితేష్ వర్మ కేసులో నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేకుండా అన్నది దాని కిందికి రాదంది. కంప్లయింటు రాసేవాడు ఎక్కడ, ఎవరి ఎదట అన్నది సరిగ్గా రాయకపోతే కేసు అక్కడే పోతుంది. మా వాడ పిల్లలు ఇప్పటికీ కాగితాలు నా దగ్గరికి తెస్తారు. తెలుగులోనే రాయమంటాను. జరిగింది జరిగినట్టు, అన్నమాట అన్నట్టు.

సీఫెల్ నుంచి ఇంటికొచ్చినప్పుడు, పాత కాగితం పెట్టెలోంచి తీసి మా నాయనకి సంగతంతా చెప్పాను. ఎనిమిదేళ్ళు మనసులో పెట్టుకున్నది. నేను రాసిన ఒక్క మాట వల్ల ఎస్సై ఎట్లా తిప్పికొట్టాడో, ఆ మాటలో ఏముందో విడమరిచి చెప్పాను. ఆయన వంకర చేత్తో బీడీ పట్టుకొని ఓపిగ్గా విన్నాడు.

'నేనేమన్నాన్రా? నా కొడుకు రాడన్నా. వాడడిగాడు, నేను జెప్పా. దానికి ఎదురేంది, ఎనకేంది?' అన్నాడు.

అని, బీడీ ఆరిపోయిందని అగ్గిపెట్టె ఇమ్మన్నాడు.